చిన్న గాయము – తిరిగి పనిలో దిగుట ఎప్పుడు?

(ప్రసంగ పాఠము)



ఈ పూట నేను విత్తనములను గురించిగాని, ఎరువులను గురించిగాని చెప్పబోవుట లేదు. మీ కాళ్ళను, చేతులను గురించి రెండు మాటలు చెప్పదలచితిని. కొడవలి జారి వ్రేలు తెగుట, పార అంచు పాదమునకు తగులుట, గట్టు మీద జారి చీలమండ బెణకుట, ఇవి లేని ఇల్లు ఏ ఊరనున్నది? కట్టు కట్టించుకొని వచ్చిన మరునాడే మనస్సు పొలము మీదకు పోవును. "రేపు దిగవచ్చునా?" అని అడుగుదురు. నారు ముదురుచుండగా, కాలువ నీటి వంతు తీరిపోవుచుండగా ఈ ప్రశ్న న్యాయమైనదే.

చిన్నతనమున మా ఇంట నాట్ల సమయమున నా పాదమునకు పార తగిలినది. అంగుళమంత గాటు. మూడవ నాటికి పైన పక్కు కట్టినది, నొప్పియు తగ్గినది. మానినదనుకొని దమ్ములో దిగితిని. సాయంత్రమునకు పక్కు నాని ఊడినది. మరునాటికి పాదము పొంగినది, గజ్జలో బిళ్ళ కట్టినది. ఆ మడిలో నేను చేసినది ఒక పూట పని. పోగొట్టుకొన్నది 18 దినములు.

పైన మూసుకొనుట వేరు, లోపల మానుట వేరు. శుభ్రమైన గాటుకు కుట్లు వేసి పొడిగా ఉంచినచో రెండు దినములలోనే పైచర్మము కలిసికొనును. కాని ఆ అతుకునకు తొలి వారమున అసలు చర్మపు బలములో నూటికి 3 పాళ్ళ బలమే ఉండును. మూడు వారములకు 20, 30 పాళ్ళ మధ్య, మూడు నెలలకు సుమారు 80 పాళ్ళు వచ్చును. పూర్తి బలము ఎన్నటికిని రాదు. గునపము పట్టి గట్టిగా పొడిచినప్పుడు అరచేతి గాయము మరల చిట్లుటకు కారణమిదియే.

కాబట్టి "పనికి పోవచ్చునా" అను వారిని నేను "ఏ పనికి?" అని తిరిగి అడుగుదును. గట్టు మీద నిలిచి నీరు మళ్ళించుట ఒక పని, మోకాలి లోతు బురదలో నాటు వేయుట మరియొక పని. పాదమున తెరిచిన గాయముండగా మొదటిది మూడవ నాడు చేయవచ్చును. రెండవది గాయము పూర్తిగా ఎండి, పక్కు తనంతట తాను రాలి, క్రింద గట్టి చర్మము వచ్చువరకు తగదు. కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకొని దిగువారిని చూచితిని. అది వరి కొయ్యలకు చిరుగును, చిరుగకున్నను లోపల చెమట పట్టి గాయము నానును.

బురదను గూర్చి ఇంత గట్టిగా చెప్పుటకు మరియొక కారణము కలదు. ఎలుకల మూత్రము కలిసిన మడి నీటిలో ఎలుక జ్వరపు క్రిములుండవచ్చును. అవి చర్మపు గాట్ల ద్వారా ఒంటిలోనికి పోవును. సాధారణముగా 5 మొదలు 14 దినములకు, ఒక్కొక్కప్పుడు నెలకు కూడ, జ్వరము, పిక్కలలో విపరీతమైన నొప్పి, కన్నులెర్రబడుట కనిపించును. అట్టి జ్వరము వచ్చినచో వైద్యునితో "కాలికి గాయముండగా మడిలో పని చేసితిని" అని మీ అంతట మీరే చెప్పవలెను. మీరు చెప్పకున్న ఆయనకు తట్టకపోవచ్చును. త్వరగా గుర్తించినచో మందులకు లొంగు జ్వరమే, ఆలస్యమైన మూత్రపిండములకును, కాలేయమునకును ముప్పు.

చేతికి గాయమున్నవారు పురుగు మందు కలుపరాదు, చల్లరాదు. తెగిన చర్మము మందును త్వరగా పీల్చుకొనును. తడిసిన కట్టు ఆ విషమును గాయమునకే అంటిపెట్టి ఉంచును.

ధనుర్వాతపు టీకా మాట వేరు. పనిలో దిగినను, మంచము మీదనున్నను అది కావలసినదే. తుప్పు పట్టిన ఇనుము తగిలిననే టీకా వేయించుకొనవలెనని మనలో చాల మంది నమ్మకము. ఆ క్రిమి బీజములుండునది మట్టిలోను, పశువుల పేడలోను. తళతళలాడు కొత్త కొడవలి తగిలినను గాయమునకు మట్టి అంటినచో భయమొక్కటే. చివరి మోతాదు తీసికొని 5 ఏండ్లు దాటినచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి వెంటనే టి.డి. టీకా వేయించుకొనుడు. ఎన్నడు వేయించుకొన్నదియు గుర్తులేనివారు ఆ మాటయే అక్కడ చెప్పుడు. గాయము మానిన తరువాత కూడ, మూడు వారముల లోపల దవడలు బిగిసినట్లున్నచో ఒక్క గంట కూడ ఆగరాదు.

గాయమును సబ్బుతోను, ధారగా పోసిన మంచినీటితోను కడిగిన చాలును. పొగాకు, కాఫీ పొడి, పేడ పెట్టవద్దు. మనము బడిలో పలకలు తుడిచిన గడ్డి చామంతి ఆకు పసరు మీద ఎందరికో నమ్మకము కలదు. నాకును ఆ ఆకన్న మక్కువయే, కాని గట్టు మీద కోసిన ఆకుతో గట్టు మట్టియు గాయములోనికి వచ్చును.

ఇక బెణుకు. కాలు మోపి నాలుగడుగులు వేయలేకపోయినను, చీలమండ ఎముక మీద నొక్కగా నొప్పి పుట్టినను అది బెణుకో, విరుగుడో చిత్రము తీసిన గాని తెలియదు. బెణుకేయని తేలిన పిమ్మట తొలుత వట్టి చేతులతో గట్టు మీద నడచి చూడుడు. మరునాడు ఒక పూట తేలిక పని చేయుడు. ఆ సాయంత్రము రెండు కాళ్ళు ప్రక్క ప్రక్కన పెట్టి చూచుకొనుడు. నిన్నటికంటె వాపు పెరిగినచో ఒక మెట్టు వెనుకకు పోవలెను. ఉదయము లేచినప్పటి సుఖమును నమ్మరాదు, రాత్రి విశ్రాంతికి ఏ కాలైనను తేలికపడును.

చక్కెర వ్యాధి గలవారికి ఈ లెక్క చాలదు. అరికాలు మొద్దుబారినవారికి నొప్పి లేకపోవుట మంచి గుర్తు కాదు. వారు ప్రతి సాయంత్రము మరియొకరిచేత పాదము చూపించుకొనవలెను. ఎవరికైనను గాయము చుట్టు ఎరుపు పెరుగుచున్నదో లేదో తెలియుటకు కలముతో దాని అంచున గీత గీయుడు. మరునాటికి ఎరుపు గీత దాటినను, చీము పట్టినను, జ్వరము వచ్చినను పని మాట మరచి ఆసుపత్రికి పోవలెను.

సొంత పొలము గలవారు ఒక దినము ఆగగలరు. కూలి పోవునన్న భయముతో వ్రేలికి గుడ్డ పీలిక చుట్టి, ఎవరికిని చెప్పక మడిలో దిగు ఆడవారు మీ పొలములోనే ఉందురు. దిగుటకు ముందు మీరే అడుగుడు. నారు కట్టలు గట్టుకు చేర్చుట, సంచులు కుట్టుట, కల్లము కావలి కాయుట వంటి పొడి పని అదే కూలికి ఇచ్చినచో ఆమె దాచవలసిన అవసరముండదు.

కుట్లు చేతికైన 7 మొదలు 10 దినములకు, పాదమునకైన 10 మొదలు 14 దినములకు విప్పుదురు. నాట్లు దాటిపోవుచున్నవని ఇంట బ్లేడుతో కోసికొనవద్దు. విప్పిన నాడు వైద్యునికి మీరు చేయు పని ఏదియో, ఎంత లోతు బురదయో చెప్పి, దిగవలసిన దినమును ఆయననే అడిగి చీటీ మీద వ్రాయించుకొనుడు.