చందా పుస్తకం నుంచి ఇంటర్నెట్ పుట వరకు

(ప్లాటినం జూబిలీ సందర్భంగా పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పూర్వం ఊరిలో బడి కట్టాలన్నా, గ్రంథాలయం నెలకొల్పాలన్నా ముందుగా ఒక చందా పుస్తకం బయలుదేరేది. మాట చెల్లే పెద్దలు నలుగురు దానిని పట్టుకొని గడపగడపకూ వెళ్ళేవారు. అందులో మొదటి పేరు అడగవచ్చినవారిదే అయి ఉండేది. గృహస్థు ఆ పేరు చూసి, వచ్చినవారి ముఖం చూసి, తన శక్తి కొలదీ అంకె వేసేవాడు. అతడు ఇచ్చింది పుస్తకాన్ని చూసి కాదు. ఆ మనుషుల మీది నమ్మకంతో.

షోలాపూరు, బళ్ళారి, బరంపురం, హోసూరు వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో నేడు ఉద్యోగరీత్యా దూరప్రాంతాలకు తరలిపోయారు. వారి గడపలకు చందా పుస్తకం చేరలేదు. ఆ స్థానంలోకి వచ్చినదే వ్యక్తిగత విరాళాల పుట. బ్రిటన్‌లో జస్ట్‌గివింగ్, భారతదేశంలో మిలాప్, కెట్టో వంటి వెబ్‌సైట్లలో ఒక వ్యక్తి తన పేరున పుట తెరిచి, ఒక సత్కార్యం కోసం ఆత్మీయుల నుంచి విరాళాలు సేకరించవచ్చు. అయితే పుట తెరిచినంత మాత్రాన విరాళాలు రావు. పుట తనంత తాను ఎవరినీ అడగదు, అడగవలసింది మనిషే.

అడిగే మనిషికి మొదట కావలసినది స్పష్టత. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, జూన్ 30వ తేదీలోగా అని నిర్ణయించింది. మొత్తం తెలిసింది, గడువు తెలిసింది, దేశం కదిలింది. దాదాపు నూరేళ్ళ తరువాత, 2020 ఏప్రిల్‌లో, ఇంగ్లండ్‌లో 99 ఏళ్ళ మాజీ సైనికుడు కెప్టెన్ టామ్ మూర్ చేతికర్రల బండి ఊతంతో తన ఇంటి తోటలో నూరుమార్లు నడుస్తానని సంకల్పించారు. గడువు తన నూరవ జన్మదినం. ఆశించింది ఆరోగ్య సేవా సంస్థల కోసం వెయ్యి పౌండ్లు. వచ్చినది 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు పైగా. అంతటి ఆదరణ అందరికీ లభించదు. కాని చిన్న లక్ష్యం, నిశ్చితమైన గడువు, కంటికి కనబడే శ్రమ అందరికీ సాధ్యమే. ‘పాఠశాల అభివృద్ధికి’ అని వ్రాసిన పుట కంటే ‘ఎనిమిదవ తరగతి విజ్ఞాన ప్రయోగశాలకు బల్లలు’ అని వ్రాసిన పుట చదువరిని త్వరగా కదిలిస్తుంది.

రెండవది, పుట తెరిచినవారే మొదటి దాత కావాలి. సారా స్మిత్ మొదలైన ఆర్థికవేత్తలు 2010 లండన్ మారథాన్‌లో పరుగెత్తినవారి విరాళాల పుటలను పరిశీలించి, ముందు ఇచ్చినవారి మొత్తాన్ని బట్టి తరువాతివారు తమ మొత్తాన్ని నిర్ణయించుకొంటారని కనుగొన్నారు. పెద్ద విరాళం కనబడితే తరువాతి విరాళాలు పెరుగుతాయి. చిన్నది కనబడితే తగ్గుతాయి. చందా పుస్తకం పట్టిన పెద్దలకు ఇది అనుభవంతో తెలిసిన సంగతే. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. కూలి చేసుకొనే తల్లి యాభై రూపాయలు ఇవ్వబోయి, పైనున్న అంకెలు చూసి వెనుదిరగరాదు. విరాళం మొత్తాన్ని గాని, పేరును గాని గోప్యంగా ఉంచే వీలున్న చోట ఆ సంగతి పుటలో ముందే తెలపాలి.

మూడవది, నూరుమందికి ఒకే సందేశం పంపడం కంటే పదిమందికి పేరుపేరునా వ్రాయడం మేలు. ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రునికి వ్రాసే ఉత్తరంలో ఆ బెంచీ కనబడాలి. విరాళం అందిన వెంటనే కృతజ్ఞత తెలపాలి. గడువుకు ముందు ఒకసారి జ్ఞాపకం చేయడంలో నామోషీ లేదు.

విరాళం నేరుగా సంస్థ ఖాతాకే చేరాలి. వెబ్‌సైటు మినహాయించుకొనే రుసుము ఎంతో ముందే తెలుసుకోవాలి. విదేశాలలో ఉన్నా భారత పౌరసత్వం గలవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మార్చుకొన్నవారి నుంచి స్వీకరించాలంటే మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం సంస్థకు రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. ఉత్సాహంలో ఈ నియమాన్ని మరచితే మేలు చేయబోయి పాఠశాలను చిక్కులపాలు చేసినట్లవుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. విరాళాలు పెరుగుతాయని చిరిగిన చొక్కాతో ఉన్న విద్యార్థి ఫోటోను పుటలో పెట్టరాదు. ఆ విద్యార్థి మరునాడు అదే తరగతిలో తోటివారి నడుమ కూర్చోవలసినవాడు. ఇంటర్నెట్‌లో చేరిన ఫోటో అతడు పెద్దవాడైన తరువాత కూడా అతని వెంట వస్తుంది. బడికి బల్లలు సమకూర్చి, వాటి మీద కూర్చునే బిడ్డ గౌరవాన్ని తీసివేయడం విద్యాదానం అనిపించుకోదు. చూపవలసినది ఖాళీ గదిని, పిల్లవాని పేదరికాన్ని కాదు.

చివరగా లెక్క. టామ్ మూర్ సేకరించిన ధనం గమ్యం చేరింది. కాని ఆయన పేరుతో తరువాత వెలసిన ఫౌండేషన్ నిర్వహణలో అక్రమాలు జరిగాయని బ్రిటన్‌లో దాతృత్వ సంస్థలను పర్యవేక్షించే కమిషన్ 2024లో తేల్చింది. మహనీయుని పేరు కూడా లెక్కకు ప్రత్యామ్నాయం కాదు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏమి కొన్నారు, ఎంత మిగిలింది అన్న వివరం అదే పుటలో, రశీదులతో సహా వెలువడాలి.

పరభాషా ప్రాంతంలో తెలుగు బడి నిలవడానికి ధనం ఎంత అవసరమో, దూరాన ఉన్నవారు దానిని తమ బడిగా తలచడం అంతకంటె అవసరం. లెక్క చూసి సంతృప్తి చెందిన దాత మరుసటి ఏడు అడగకముందే ఇస్తాడు. వీలైతే తన బిడ్డను వెంటబెట్టుకొని ఈ గడపకు వస్తాడు. అటువంటి రాకలే ఈ బడిని నూరేళ్ళ పండుగకు చేరుస్తాయి.