కాలపు వంతును దీవి విడిదికి మార్చుకొను విధము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మన పల్లెలకు కొంత క్రొత్తది. పట్టణములలో స్థిరపడిన మన బిడ్డలలో కొందరును, ఉద్యోగము విరమించి చేతికి మొత్తముగా డబ్బు వచ్చిన నావంటివారిలో కొందరును “టైమ్‌షేర్” అనుదానిని కొనియున్నారు. కొండమీదనో సముద్రపుటొడ్డుననో ఉన్న విడిదియింటిలో ఏటేటా ఒక వారము ఉండు హక్కునకు ఆ పేరు. ఆ వారమును ఇతరుల వారముతో మార్చుకొని దూరపు దీవిలో ఉండి రావచ్చునని అమ్మువారు చెప్పుదురు. ఆ మాట అబద్ధము కాదు. కాని అది యెట్లు సాధ్యమగునో, ఎప్పుడు సాధ్యము కాదో వారు విప్పి చెప్పరు. నేను ఒకమారు చెడి, ఒకమారు సాధించినవాడను. ఆ రెండు అనుభవములను మీ ముందుంచుచున్నాను.

మొదట ఈ హక్కు ఎట్టిదో తెలిసికొందము. దీనికై గొప్ప చదువులు చదువనక్కరలేదు. చెరువుకట్ట ఎక్కిన చాలును. మాది పోరుమామిళ్ల ప్రాంతము. అచ్చటి పెద్ద చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. అట్టి చెరువు ఏ ఒక్క రైతుదియు కాదు. నీరు తగ్గిన యేట నీరుగంటి తూమువద్ద నిలిచి ఆయకట్టుదారులకు వంతులు వేయును. మా అబ్బకు చెరువుమీద హక్కు లేదు. తన వంతు వచ్చినప్పుడు పారు నీటిమీదనే హక్కు. ఇంట పెండ్లి వచ్చినను, ఎద్దు పడినను, ఆయన పొరుగు రైతుతో వంతు మార్చుకొనెడివాడు. అయితే ఆ మార్పిడి సరితూగవలెను. పైరు పొట్టమీద నున్నప్పటి జాము నీటిని, కోతకు ముందరి జాము నీటికి ఎవ్వడును మార్చుకొనడు. టైమ్‌షేర్ అనగా ఇట్టి కాలపు వంతే. విడిదిలోని గోడలు మనవి కావు, నేల మనది కాదు; ఆ వారము మాత్రమే మనది.

ఈ పద్ధతి ఐరోపాలో 1960 తరువాతి సంవత్సరములలో పుట్టినది. స్విట్జర్లాండులో హాపిమాగ్ అను సంస్థ 1963లో వెలసినది. వారములను ఒకరికొకరికి మార్చిపెట్టు సంస్థలు అమెరికాలో ఏర్పడినవి: ఆర్.సి.ఐ. 1974లోను, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ 1976లోను. మన దేశమున స్టెర్లింగ్ కంపెనీ 1986లోను, మహీంద్రావారి విడిదుల కంపెనీ 1996లోను ఆరంభమైనవి.

మార్పిడి అనగా ఇద్దరు ఎదురెదురుగా నిలిచి చేతులు మార్చుకొనుట కాదు. అది ఉమ్మడి గాదెవంటిది. మన వారమును గాదెలో పోయుదుము. ఇతరులు పోసిన దానిలోనుండి మనకు తగినది తీసికొందుము. గాదె కాపరి మనము పోసినదానిని నాలుగు విధముల కొలుచును. ఆ వారము ఏ ఋతువులోనిది? ఆ యింట ఎందరు పండుకొనవచ్చును? ఆ యూరికి పోగోరువారు ఎందరు? ఎంత ముందుగా అప్పగించితిమి? ఈ కొలతను కొందరు వారములలో చెప్పుదురు. కొందరు పాయింట్లలో చెప్పుదురు. పేరు మారినను కొలత ఒక్కటే.

ఇక నా కథ. ముప్పది నాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసి విరమించితిని. ఒక కంపెనీవారు నన్నును నా భార్యను పట్టణములోని హోటలుకు విందుకు పిలిచిరి. పెద్ద తెరమీద దీవులను చూపిరి. ఈ రాత్రి సంతకము చేసినచో తగ్గింపు కలదు, తెల్లవారిన లేదనిరి. నా భార్య మెట్టపల్లెలో పుట్టినది. మద్రాసుకు రెండుమారులు పోయినది గాని, రెండును ఆసుపత్రి పనులే. సముద్రము చూడ తీరిక లేకపోయెను. ఆ రాత్రి నాతో, “ఏమండీ, మోకాళ్లు నడువనిచ్చునంతలో ఒకమారు సముద్రము చూపుడు” అన్నది. ఇరువది యైదేండ్ల ఒప్పందముమీద చదువకయే సంతకము చేసితిని.

మరుసటి యేడు మార్చి నెలలో ఉత్తరము వ్రాసి, మే నెలలో మాకును, కొడుకు కోడండ్రకును, మనుమలకును ఒక దీవిలో విడిది కావలెనని కోరితిని. దీవి పేరు ఒక్కటే వ్రాసితిని, తేదీలును అవియే కావలెనంటిని. లేదని జవాబు వచ్చెను. నేను కోపముతో నూరకుంటిని. ఆ యేటి వారము మురిగిపోయెను. నిర్వహణ రుసుము మాత్రము కట్టక తప్పలేదు. నా భార్య సర్దిన పెట్టె విప్పి చీరలు మరల బీరువాలో పెట్టినది, ఒక్కమాట అనలేదు.

దసరాకు వచ్చిన నా కొడుకు, “నాయనా, కోపము తరువాత. ఒప్పందము చదివితివా?” అని యడిగెను. ఇద్దరము కూర్చుండి చదివితిమి. అప్పుడు తెలిసినది: వారు సంవత్సరమును రంగులుగా విభజించియున్నారు. ఎర్రది గిరాకీ కాలము, తెల్లది మధ్యమము, నీలిది మందకాలము. మాది తెల్లది, అదియు ఇద్దరికి సరిపడు గది. మేమడిగినది బడి సెలవులలో, ఆరుగురికి, రెండు నెలల ముందు. కోతకు ముందరి నీరిచ్చి పొట్టమీది నీరు కోరినట్లైనది. తప్పు కొంత నాది కూడనని అప్పుడు ఒప్పుకొంటిని.

రెండవమారు పదునాలుగు నెలల ముందే మా వారమును అప్పగించితిమి. మే నెల వదలి, జూలై మొదలు సెప్టెంబరు వరకు ఏ వారమైనను సరేయంటిమి. ఒక దీవికి బదులు మూడు దీవులు వ్రాసితిమి. పోవువారము ఇద్దరమే అంటిమి. అయిదవ నెలలో పత్రము వచ్చెను: సెప్టెంబరు మొదటి వారము, మారిషస్ దీవి.

ఈ అనుభవమునుండి మీకు చెప్పదలచిన మాటలివి.

మొదటిది: మీ వంతు రంగు ఏదో, గది యెంతదో పత్రములో చూచుకొనుడు. దానికి సరితూగునదే అడుగుడు. చిన్న గదికి పెద్ద యిల్లు దొరకుట అరుదు.

రెండవది: ఒక యేడు ముందుగా అప్పగింపుడు. ఆలసించినకొలది దాని విలువ తగ్గును. అప్పగించిన వారమును ఏ గడువులోపల వాడుకొనవలెనో వ్రాతమూలముగా అడిగి ఉంచుకొనుడు. నిర్వహణ రుసుము బాకీ యున్నచో మార్పిడి జరుగదు.

మూడవది: తేదీలను, తావులను విశాలముగా ఇండు. ఒక్క తూమునే నమ్ముకొన్నవాని మడి ఎండును.

నాలుగవది: దీవి ఋతువు తెలిసికొనుడు. గిరాకీ తగ్గిన వారము సులభముగా దొరకును. కాని ఏల తగ్గెనో చూడవలెను. అండమానులో మే మొదలు సెప్టెంబరు వరకు నైరృతి వానలు, సముద్రపు పోటు ఎక్కువ; అచ్చటికి చలికాలమే మేలు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది గనుక మనకు ఎండలు మండు మే నెల అచ్చట చల్లదనము మొదలగు కాలము. అచ్చటి తుపానుల కాలము నవంబరు మొదలు ఏప్రిలు వరకు. ఐరోపావారు డిసెంబరు, జనవరులలో ఎక్కువగా వచ్చెదరు. మన మధ్యమ వంతుకు అచ్చటి చల్లని మాసములే తగినవి.

అయిదవది: లెక్క వేయుడు. ఉదాహరణకు నాలుగు లక్షల రూపాయలకు ఇరువది యైదేండ్ల హక్కు కొన్నామనుకొనుడు. ఏటికి 16,000 పడినది. నిర్వహణ రుసుము 15,000, మార్పిడి రుసుము 10,000 అనుకొన్నచో మొత్తము 41,000. ఏడు రాత్రులకు పంచిన, రాత్రికి సుమారు 5,860 రూపాయలు. ఆ నాలుగు లక్షలు బ్యాంకులో నూటికి ఏడు వంతున నుండినచో వచ్చు 28,000 వడ్డీ దీనిలో చేరలేదు. విమానపు ఖర్చును, భోజనమును వేరు. కొన్ని దీవుల విడిదులలో భోజనపు రుసుము తప్పనిసరిగా వసూలు చేయుదురు. బస ఉచితమని సంతసించి పోయినవారు అచ్చట తెల్లబోవుదురు. ఒప్పుకొనుటకు ముందే ఆ మొత్తమడుగుడు. అదే వారమునకు అదే యూరిలో సాధారణమైన గది అద్దె ఎంతయో కూడ విచారింపుడు. అద్దె చవుకయైనచో వారమును మార్చుకొనక, మీ కొండ విడిదిలోనే వాడుకొనుట మేలు.

ఆరవది: మీకు బదులు బిడ్డలను పంపదలచినచో అతిథి పత్రము ముందుగా తీసికొనవలెను. మారిషస్‌కు భారతీయులు ముందుగా వీసా తీసికొననక్కరలేదు; పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, బస పత్రము దగ్గరనుండవలెను.

ఏడవది ముఖ్యము. “మీ టైమ్‌షేరును మంచి ధరకు అమ్మిపెట్టెదము, ముందు రుసుము పంపుడు” అని ఫోను చేయువారిని నమ్మకుడు. ముందు డబ్బు తీసికొని మాయమగుట ఎన్నో దేశములలో జరుగుచున్న మోసము. పంటకు ముందే కమీషనడుగు దళారిని మనము సంతలో నమ్ముదుమా?

ఇంకను కొననివారికి ఒక్క మాట. విందు తిన్న రాత్రి సంతకము చేయకుడు. తెల్లవారిన పోవు తగ్గింపు మనకు అక్కరలేనిది. ఐరోపా సమాఖ్యలో 2008 నాటి శాసనము ప్రకారము పదునాలుగు దినములలో కారణము చెప్పకయే విరమించుకొనవచ్చును. మనము మాత్రము విరమణ గడువు ఎంతయో పత్రములోనే వెదకుకొనవలెను. మోసపోయితిమని తోచినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించనిచో, కంపెనీ ఏ నగరముననున్నను, మనముండు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చును. అయిదు లక్షల వరకు దానికి రుసుము లేదు. 1915 అను నంబరుకు ఫోను చేసినను సలహా చెప్పుదురు.

తుదకు మా ప్రయాణము. రైలున ముంబయి చేరి విమానమెక్కితిమి. 1834 తరువాత కూలి ఒప్పందములమీద మన దేశీయులు వేలకొలది మారిషస్ చేరిరి. వారిలో కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారును కలరు. నేటికిని అచ్చట ఉగాది ప్రభుత్వపు సెలవు దినము. వారు వారములకొలది ఓడలో కష్టపడి చేరిన తీరమునకు మేము ఒక్క పూటలో చేరితిమి. పగడపు దిబ్బలు అడ్డుగా నుండుటచే ఒడ్డున నీరు చెరువువలె నెమ్మదిగా నుండెను. నా భార్య మోకాలిలోతు దిగి, చేతితో నీరెత్తి నోట వేసికొని ఉమ్మివేసి నవ్వినది. “ఇంత నీరు ఇచ్చట పోసిన దేవుడు మన చెరువు నేల ఎండబెట్టినాడండీ?” అన్నది. నాకు జవాబు తోచలేదు.

ఆ వారము మాకు దక్కినది. ఇప్పుడామె కట్ట ఎక్కలేదు. ఒకవేళ మొదటి యేటి కోపముతోనే నేను ఊరకున్నచో, ఆ నవ్వు చూచియుండను. అయినను, నేడు మరల ఆ హోటలు విందుకు పిలిచినచో సంతకము చేయనని కూడ చెప్పుచున్నాను. చేతిలో వంతు ఉన్నవారు దానిని మురుగనీయక తెలివితో వాడుకొనుడు. లేనివారు లెక్క వేయక కొనకుడు.