ఇంటి తెరపై తెలుగు లిపి

(ఊర్జానగర్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

 

అంతర్జాలంలోని వీడియోలు ఇంటి టీవీలోకి రావడం వల్ల తెలుగువారికి ఒరిగేదేమిటో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. న్యాయవాదికి టీవీతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. ఏ తీగ ఎక్కడ తగిలించాలో, సెల్‌ఫోనులోని బొమ్మను టీవీ మీదికి ఎలా పంపాలో చెప్పడానికి నాకంటె మీ ఇళ్లలోని పిల్లలే సమర్థులు. అది వారికే వదిలేస్తాను. ఆ తెరమీద ఏ భాష వినబడాలి, ఏ లిపి కనబడాలి అన్నది మాత్రం హక్కులకు సంబంధించిన ప్రశ్న. దాన్ని గురించి మాట్లాడతాను.

ముందుగా మనమెవరమో ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఈ జిల్లాకు తెలుగువారు బతుకుతెరువు కోసం వలస వచ్చారనే మాట సగమే నిజం. బొగ్గు గనులకు, బల్లార్పూర్ కాగితం మిల్లుకు, ఈ విద్యుత్ కేంద్రానికి పనికోసం వచ్చిన కుటుంబాలు ఉన్నాయి, కాదనను. కాని పక్కనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో భాగం. అక్కడి మనుషులు కదలలేదు, సరిహద్దు కదిలింది. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న సిరొంచ 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడేదాకా ఈ చంద్రపూర్ జిల్లాలోనిదే. అక్కడి బజారులో నేటికీ తెలుగు వినబడుతుంది. 2011 జనగణనలో మహారాష్ట్రలో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవారు 13 లక్షల పైచిలుకు. భాషా మైనారిటీ ఎవరన్నది దేశం మొత్తాన్ని బట్టి కాక రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో తేల్చి చెప్పింది. కాజీపేటలో రైలెక్కేటప్పుడు అధిక సంఖ్యాకుడైన తెలుగువాడు, బండి సరిహద్దు దాటి బల్లార్షాలో ఆగేసరికి అల్పసంఖ్యాకుడవుతాడు. మనిషి అతడే, మాట అదే, చట్టం దృష్టిలో స్థానమే మారింది.

ఇక టీవీ సంగతి. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ప్రసార స్తంభం అందినంత మేరకే భాష అందేది. 1995లో ఈటీవీ, జెమిని వంటి ఉపగ్రహ ఛానెళ్లు వచ్చాక ఆ ఎల్ల చెరిగిపోయింది. అయితే ఉపగ్రహానికీ మన ఇంటికీ మధ్య కేబుల్ ఆపరేటరు ఉన్నాడు. వీధిలో ఎన్ని తెలుగిళ్లున్నాయో అతడు లెక్కపెట్టుకునేవాడు. నాలుగిళ్లే ఉంటే ఆ ఛానెల్ ఇవ్వడం అతనికి గిట్టుబాటు కాదు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, అది వ్యాపారం. 1995 నాటి కేబుల్ చట్టం దూరదర్శన్ ఛానెళ్ల ప్రసారాన్ని తప్పనిసరి చేసింది గాని, ఒక రాష్ట్రంలోని భాషా మైనారిటీకి వారి భాషలో ఫలానా ఛానెల్ ఇచ్చితీరాలన్న హక్కును ఎక్కడా రాయలేదు. ఇంటి కప్పుమీదికి డిష్ వచ్చింది. 2019లో ట్రాయ్ కొత్త నిబంధనలు అమలయ్యాక కోరిన ఛానెల్‌ను విడిగా, ప్రకటించిన ధరకు కొనుక్కునే వీలూ కలిగింది. ఆ తరువాత అంతర్జాలం టీవీలోకే వచ్చేసింది. 2016లో జియో రాకతో డేటా చవకయింది. టీవీ వెనుక తగిలించే వేలెడు పరికరాలు, ఆపైన అంతర్జాలాన్ని తమలోనే ఇముడ్చుకున్న స్మార్ట్ టీవీలు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. 2020 ఉగాదికి ‘ఆహా’ కేవలం తెలుగు కోసమే మొదలైంది. ఇప్పుడు వీధిలో ఎన్ని తెలుగిళ్లున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. ఒక్క ఇల్లున్నా చాలు. ఇందుకు కంపెనీలకు కృతజ్ఞతలు చెప్పనక్కరలేదు, డబ్బు పుచ్చుకునే ఇస్తున్నాయి. అయినా రాష్ట్రేతర తెలుగువారికి ఇంతకుముందు లేని వెసులుబాటు ఇది. దాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు.

సెల్‌ఫోనులో చూస్తే చాలదా, టీవీలోనే ఎందుకు అంటారేమో. సెల్‌ఫోను ఒక్కరి సొత్తు. చెవుల్లో తీగలు పెట్టుకుని మూలన కూర్చున్న పిల్లవాడు ఏ భాషలో ఏం వింటున్నాడో తల్లికి తెలియదు. టీవీ నలుగురిది. నాయనమ్మ పక్కన కూర్చుని చూస్తున్న మనుమరాలు ‘కుదువ పెట్టడమంటే ఏమిటి నానమ్మా?’ అని అడుగుతుంది. ఆవిడ తాళిబొట్టు కుదువపెట్టిన కథ ఒకటి చెబుతుంది. అలా ఒక మాట ఒక తరం నుంచి మరో తరానికి చేరుతుంది. చంద్రపూర్ ఎండల సంగతి మీకు చెప్పాలా? మే నెలలో 47 డిగ్రీలకు చేరినప్పుడు పిల్లలు గడప దాటరు. ఆ నలభై రోజులూ వారి గురువు టీవీయే.

చెవికి అందవలసింది అందుతోంది. కంటికి అందవలసింది అందడం లేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

మీ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో మరాఠీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో చదువుతారు. ముంబైలో నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతోంది గాని, ఇక్కడి పిల్లవాడికి ఆ దారి లేదు. అతడికి తెలుగు నోటిలో ఉంటుంది, చేతిలో ఉండదు. అమ్మమ్మకు సందేశం పంపాలంటే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనో దేవనాగరిలోనో రాస్తాడు. అతడు టీవీ ముందు కూర్చుని తెలుగు సినిమా చూస్తాడు. పాత్రలు తెలుగు మాట్లాడుతుంటాయి. తెర అడుగున ఆ మాటల పాఠం అక్షరాల్లో వస్తుంటుంది. ఏ అక్షరాలు? చాలా సినిమాలకు ఇంగ్లీషు అక్షరాలే. ఉపశీర్షికల పట్టిక తెరిచి చూడండి, తెలుగు సినిమాకు తెలుగు ఉపశీర్షిక తరచుగా దొరకదు. తెలుగు వచ్చినవాడికి తెలుగు ఉపశీర్షిక దేనికని వ్యాపారి తర్కం. తెలుగు వచ్చి తెలుగు అక్షరం రానివాడు ఒకడున్నాడని ఆ తర్కానికి తెలియదు. ఆ ఒకడు మన ఇంట్లోనే ఉన్నాడు.

మాటనూ దాని లిపినీ ఒకేసారి తెరమీద చూపితే చదవడం అలవడుతుందన్నది నా ఊహ కాదు. అహ్మదాబాదులోని ఐ.ఐ.ఎం.కు చెందిన బ్రిజ్ కొఠారీ 1996లో ఈ ఆలోచన చేశారు. 1999లో గుజరాతీ సినిమా పాటలకు గుజరాతీ అక్షరాలనే అడుగున వేసి దూరదర్శన్‌లో ప్రసారం చేయించారు. పాట సాగుతుంటే ఏ మాట పాడుతున్నారో ఆ మాట రంగు మారుతుంది. 2002లో జాతీయ దూరదర్శన్‌లో ‘చిత్రహార్’కు కూడా ఆ పద్ధతి వచ్చింది. ఎవరూ పలక పట్టుకుని కూర్చోనక్కరలేదు. తెలిసిన పాట, నోటికి వచ్చిన పాట. కన్ను దానంతట అదే అక్షరాన్ని వెతుక్కుంటుంది. బడిలో నాలుగు ముక్కలు నేర్చుకుని మరచిపోయిన పెద్దవారికి కూడా ఇది పనికివస్తుందని ఆయన వాదన. ఆ పని అరచేతిలోని చిన్న తెరమీద కాదు, గది అవతలి నుంచి కూడా చదవగలిగే పెద్ద తెరమీద బాగా సాగుతుంది. అందుకే అంతర్జాలం టీవీలోకి రావడం మనకు ఇంత ముఖ్యం.

రాజ్యాంగం 29(1) అధికరణం చదవండి. తమదంటూ ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఉందంటుంది. ఈ అధికరణాన్ని ఉటంకించే చాలామంది రెండో మాటను మింగేస్తారు. భాషతోపాటు లిపిని విడిగా పేర్కొన్నారు, ఊరికే పేర్కొనలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా వచ్చిన 350ఎ ప్రాథమిక విద్యలో మాతృభాషకు వసతి కల్పించమంటుంది. 350బి భాషా మైనారిటీల కోసం ఒక ప్రత్యేక అధికారిని నియమించమంటుంది. ఇవి బడిని, ప్రభుత్వ కార్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. 1956లో రాసినవారికి టీవీలో అంతర్జాలం తెలియదు. తెలియకపోవడం వారి దోషం కాదు. తెలిసిన మనం ఆ సూత్రాన్ని ఇక్కడిదాకా తెచ్చుకోకపోతే దోషం మనది.

ఇక మనకు పనికివచ్చే చట్టం మరొకటి ఉంది. అది భాషా చట్టం కాదు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. దాని 42వ సెక్షను దృశ్య, శ్రవణ మాధ్యమాల్లోని విషయం వికలాంగులకు అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని, అందులో ఉపశీర్షికలు కూడా ఉండాలని చెబుతుంది. 2023 జనవరిలో ‘పఠాన్’ చిత్రం విషయంలో ఢిల్లీ హైకోర్టు, అంతర్జాలంలో విడుదల చేసేముందు హిందీ ఉపశీర్షికలు, చూపులేనివారికి దృశ్య వివరణ సిద్ధం చేయమని నిర్మాతను ఆదేశించింది. గమనించండి, హిందీ చిత్రానికి హిందీ ఉపశీర్షికలు. 2024 మార్చిలో సమాచార ప్రసార శాఖ సినిమా హాళ్ల కోసం ప్రమాణాలు ప్రకటించింది. 2025లో అంతర్జాల వేదికల కోసం ముసాయిదా వెలువరించింది. 2021 నాటి ఐ.టి. నియమావళిలోనూ ఈ ప్రస్తావన ఉంది గాని, ‘సాధ్యమైనంత వరకు’ అనే మాట తగిలించారు. ఆ మాట చూస్తే న్యాయవాదులకు నవ్వొస్తుంది. సాధ్యం కాదని చెప్పేవాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వినికిడి లేని తెలుగువారిని మన కోరికకు నిచ్చెనగా వాడుకోకూడదు. ఆ హక్కు మొదట వారిది. తెలుగు బడిలో చదువుకున్న వినికిడి లేని మనిషికి తెలుగు సినిమా కింద ఇంగ్లీషు పాఠం ఏం ఉపయోగం? మనం వారి వెంట నడవాలి. చక్రాల కుర్చీ కోసం రైల్వే స్టేషనులో కట్టిన వాలుదారిలోనే పెట్టె లాక్కుంటూ ముసలి తల్లి కూడా పోతుంది. దారి మాత్రం కుర్చీవారి పోరాటంతో వచ్చింది.

ఖర్చు అవుతుందని కంపెనీలు అంటాయి. మాటల రచయిత తెలుగులో రాసిన ప్రతి నిర్మాత దగ్గర ఉండనే ఉంటుంది. ఏ క్షణంలో ఏ వాక్యం కనబడాలో సమయం వేసుకుంటే ఉపశీర్షిక తయారవుతుంది. ఇంగ్లీషులోకి అనువదించడానికి పెట్టే శ్రమతో పోలిస్తే అది ఎంత? వెనుక యూట్యూబులో చూసేవారే ఉపశీర్షికలు రాసి ఇచ్చే వీలుండేది. 2020 సెప్టెంబరు 28తో కంపెనీ దాన్ని ఎత్తివేసింది. ఇప్పుడు ఛానెల్ యజమాని అంగీకరిస్తేనే కుదురుతుంది. కనుక అడగవలసింది యజమానులనే.

యజమానుల్లో మొదటివారు మన ప్రభుత్వాలు. బడులు మూతపడిన 2020లో తెలంగాణ ప్రభుత్వం సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టి-సాట్‌లో పాఠాలు ప్రసారం చేసింది. టి-సాట్ యూట్యూబులోనూ ఉంది. అంటే మీ ఇంటి టీవీలోనే ఉంది. పన్ను డబ్బుతో నడిచే ఇటువంటి తెలుగు పాఠాలన్నిటికీ తెలుగు ఉపశీర్షిక తప్పనిసరి చేయమని రెండు తెలుగు రాష్ట్రాలనూ అడగాలి. ప్రసార భారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ పేరుతో తన అంతర్జాల వేదికను ప్రారంభించింది. దూరదర్శన్ తెలుగు కార్యక్రమాలకు అక్కడా ఇదే అడగాలి. వ్యాపారులను అడిగేది ఆ తరువాత.

ఇది మరాఠీకి వ్యతిరేకమైన కోరిక ఎంతమాత్రం కాదు. ఈ నేలమీద మరాఠీ నేర్చుకోవడం మన ధర్మం, మన పిల్లలు నేర్చుకుంటున్నారు కూడా. ఒకటో తరగతి నుంచి హిందీని మూడో భాషగా పెట్టే ఉత్తర్వులను మహారాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్ 29న వెనక్కి తీసుకుంది. ఆ ఆందోళనలో మరాఠీ సోదరులు పడిన బాధ మనకు అర్థమవుతుంది. మన బాధ వారికి అర్థమయ్యేలా చెప్పడం మన పని. మరాఠీ చిత్రాలకు మరాఠీ ఉపశీర్షికలు కావాలని కూడా మన వినతిపత్రంలో రాశాం.

మరొక్క మాట. మీలో కొందరు ఈ హాలులో ప్రతి ఆదివారం టీవీ పెట్టి పిల్లలకు సినిమాలు వేయాలనుకుంటున్నారని విన్నాను. ఆలోచన మంచిదే గాని, ఇంటికోసం కట్టిన చందాతో బహిరంగ ప్రదర్శన చేయకూడదు. కాపీరైటు చట్టం దాన్ని వేరుగా చూస్తుంది, అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ పాఠాలతో మొదలుపెట్టండి. వాటికి కూడా ఒక ఉత్తరం రాసి అనుమతి అడగండి, కాదనడానికి వారికి కారణం ఉండదు.

వినతిపత్రం తెలుగు ప్రతి, మరాఠీ ప్రతి ఆ బల్లమీద ఉన్నాయి. సమాచార ప్రసార శాఖకు, రెండు తెలుగు రాష్ట్రాలకు, భాషా మైనారిటీల కమిషనరుకు పంపుతున్నాం. చదివి, అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, మార్చుకుందాం. సంతకాలు పెద్దలవే తీసుకుంటాం. పిల్లలకు వేరే కాగితం పెట్టాం. తమ పేరు తెలుగులో రాయగలిగినవారు తెలుగులో, రాయలేనివారు వచ్చిన లిపిలో రాయనివ్వండి, ఎవరూ చెయ్యిపట్టి దిద్దించవద్దు. ఆ కాగితాన్ని వినతిపత్రానికి అనుబంధంగా జతచేస్తున్నాం.