మన పిల్లలకు ఫార్మసీ చదువు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది పిల్లల చదువుల కోసం వచ్చిన రుణ దరఖాస్తుల్లో ఫార్మసీ మాట ఎక్కువగా కనబడింది. సంతోషమే. కానీ "ఏ ఫార్మసీ?" అని అడిగితే చాలామంది "ఏదో మందుల చదువంటమ్మా, షాపు పెట్టుకోవచ్చంట" అన్నారు. అప్పు తీర్చేది మనమే కాబట్టి, దేనికి తీసుకుంటున్నామో తెలుసుకుని తీసుకుందాం.

డి ఫార్మసీ రెండేళ్లు. దాని తర్వాత ఆసుపత్రిలోనో మందుల షాపులోనో 500 గంటల శిక్షణ ఉంటుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉంటే చాలు. ఇది బైపీసీ వాళ్లకే అనుకుని ఎంపీసీ పిల్లల్ని వెనక్కి లాగకండి. ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కుల మీదే సీటు. బి ఫార్మసీ నాలుగేళ్లు, దానికి ఈఏపీసెట్ రాయాలి. ఇప్పుడు నాలుగేళ్లు చదివించే స్తోమత లేనివాళ్లు ముందు డి ఫార్మసీ చేయించి, తర్వాత ఈసెట్ రాయిస్తే పిల్ల నేరుగా బి ఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈ దారి మన ఇళ్లకు బాగా సరిపోతుందని మా అభిప్రాయం. ఇక ఫార్మ్ డి ఆరేళ్లు, ఆఖరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. పేరులో డాక్టరు ఉంది గానీ క్లినిక్ పెట్టి వైద్యం చేసే డాక్టరు కాదు, ఆ ఆశతో చేర్పించకండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు పోస్టుకు డి ఫార్మసీ, రిజిస్ట్రేషన్ ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కావాలంటే మాత్రం డిగ్రీ ఉండాల్సిందే. పరవాడ, జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో క్వాలిటీ విభాగాలకు బి ఫార్మసీ పిల్లల్ని తీసుకుంటారు. అక్కడ షిఫ్టులుంటాయి, కాబట్టి జీతంతో పాటు హాస్టల్, బస్సు సంగతి కూడా ముందే అడగాలి. దూరం పంపడానికి భయపడే తల్లులకు ఒక మాట: తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకే బి ఫార్మసీ ఉంది.

కాలేజీ విషయంలో గట్టిగా ఉండాలి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉన్న కాలేజీ చదువుకే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఇస్తారు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పట్టా కాగితమే. "వేరే రాష్ట్రంలో సీటుంది, క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అని ఏజెంట్లు తిరుగుతున్నారు. డి ఫార్మసీ దూరవిద్యలో లేదు, హాజరు తప్పనిసరి. పైగా 2022లో వచ్చిన నిబంధనలతో డి ఫార్మసీ పాసైనవాళ్లకు రిజిస్ట్రేషన్ ముందు ఎగ్జిట్ పరీక్ష కూడా పెట్టారు. క్లాసులో కూర్చోని పిల్ల అది ఎలా గట్టెక్కుతుంది? బి ఫార్మసీకి మరో సంగతి. కన్వీనర్ కోటా సీటుకైతేనే ఫీజు రీయింబర్స్‌మెంట్, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మొత్తం మన నెత్తినే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మన సభ్యురాలు ఒకామె కూతురు డి ఫార్మసీ పూర్తి చేసింది. పెళ్లి కుదిరింది. ఒక షాపు యజమాని వచ్చి, "అమ్మాయి సర్టిఫికెట్ మా షాపులో పెట్టుకుంటాం, నెలనెలా డబ్బులిస్తాం, ఆమె రానక్కర్లేదు" అన్నాడు. ఆ తల్లి "ఇంట్లో కూర్చుంటే డబ్బులొస్తాయి కదా, తప్పేంటి?" అని మా దగ్గరికొచ్చింది. ఇలా అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి అందరి ముందూ చెబుతున్నాం.

1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. వేరేవాళ్లు ఇస్తే నేరం. షాపులో పొరపాటు జరిగి తనిఖీ వస్తే గోడ మీద ఉన్న పేరు మన పిల్లది. ఆ పేరును కౌన్సిల్ రిజిస్టర్‌లోంచి కొట్టేస్తే రెండేళ్ల చదువూ, మన అప్పూ రెండూ నీళ్లపాలు.

ఇక మందు తీసుకునేది ఎవరు? మనమే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాస్తారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చదువుకున్న పిల్ల కౌంటర్ వెనక ఉంటే, "పెద్దమ్మా, ఏ రోజు వేసుకుంటావో చెప్పు, అట్ట మీద రాసిస్తా" అంటుంది. ఊరికే పనికి పెట్టుకున్న కుర్రాడు అట్ట చేతిలో పెట్టి చిల్లర లెక్కపెడతాడు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, రాత్రి కరెంటు పోయిందా అని పొద్దున్నే ఫ్రిజ్ చూసేది కూడా ఆ పిల్లే. బీపీ ఉన్న మనిషి నొప్పుల బిళ్లలు పదేపదే కొంటుంటే ఆపి అడగాల్సిందీ ఆమే. సర్టిఫికెట్ గోడ మీద ఉండి మనిషి ఇంట్లో ఉంటే ఇవన్నీ ఎవరు చూస్తారు?

ఆ తల్లికి మేము చెప్పింది ఇదే: పిల్ల వెళ్లి పని చేస్తానంటే ఆ షాపే కానివ్వు, లేదంటే సర్టిఫికెట్ ఇవ్వొద్దు. పెళ్లివారితో కూడా ముందే మాట్లాడమన్నాం. ఇప్పుడా అమ్మాయి అత్తగారి ఊరి దగ్గర ఆసుపత్రి ఫార్మసీలో చేస్తోంది.

షాపు పెట్టాలనుకునేవాళ్లకు కనీసం 10 చదరపు మీటర్ల గది, డ్రగ్ లైసెన్సు, ఫ్రిజ్, ఫార్మసిస్టు కావాలి. ఆంధ్రలో అన్న సంజీవని జనరిక్ మందుల దుకాణాలను మహిళా సంఘాల చేత పెట్టించిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. దుకాణం సంఘానిదైనా ఫార్మసిస్టు ఉండాల్సిందే. ఆ కుర్చీలో మన సంఘం పిల్లే కూర్చుంటే జీతం కూడా మన ఇంటికే వస్తుంది.

ఇంటర్ రెండో ఏడాది పిల్లలున్నవాళ్లు ఈ నెలాఖరులోగా మీ వీ.ఓ.ఏ. దగ్గర పేరు రాయించండి. ఫార్మసీ రుణం అడిగేవాళ్లు దరఖాస్తుతో పాటు కాలేజీ అనుమతి కాగితం కూడా తేవాలి. కౌన్సిల్ జాబితాలో పేరుందో లేదో మీ ఎదురుగానే చూసి, ఉంటేనే సిఫారసు రాస్తాం.