బండి కప్పు మీద సూర్యఫలకాలు

ఉద్యోగవిరమణ చేసిన మా బావగారు ఒక పాత వ్యాను కొని, సీట్లు తీయించి, అందులో మంచము, వంటబల్ల, చిన్న ఫ్రిజ్ అమర్చుకున్నారు. కప్పు మీద 400 వాట్ల సూర్యఫలకాలు, లోపల 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ. దంపతులిద్దరూ మొదటి ప్రయాణం డిసెంబరులో శ్రీశైలానికి చేసినారు. మూడవ రాత్రి ఫ్రిజ్ ఆగిపోయినది. మరునాటి మధ్యాహ్నం దాకా ఎవరూ గమనించలేదు.

అందులో పాలు, పెరుగు మాత్రమే ఉంటే ఈ ప్రసంగానికి అవసరమే లేదు. మా అక్కకు చిరకాలంగా మధుమేహం. నెలకు సరిపడ ఇన్సులిన్ ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నది. వాడుక మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య భద్రపరచవలెను. ఉన్న మందును నమ్మే ధైర్యము చాలక, ఘాట్ దిగి, దోర్నాల మీదుగా మార్కాపురం చేరి కొత్త మందు కొన్నారు. తిరిగి వచ్చినాక, "రేడియోలో ఊరందరికీ చెబుతావు గదా బావమరిదీ, ముందు దీని సంగతి చూడు" అన్నారు బావగారు.

మొదట ఖర్చు లెక్క వేసినాము. ఫ్రిజ్‌కు రోజుకు 500 వాట్-అవర్లు. 25 వాట్ల పంకా పది గంటలు తిరిగితే 250. దీపాలకు, ఫోనులకు మరొక వంద. మొత్తం 850. ఇక రాబడి. డిసెంబరు ఎండను నిండు ఎండగా లెక్కిస్తే రోజుకు నాలుగున్నర గంటలనుకుందాము. 400 వాట్లకు 1800. వేడిమికి, దుమ్ముకు, తీగలలో నష్టానికి మూడవ వంతు తీసివేసినా 1200 మిగలవలెను. కాగితం మీద ఎక్కడా లోపం లేదు. నిచ్చెన వేసుకొని కప్పు ఎక్కినప్పుడు గాని సంగతి బోధపడలేదు.

కప్పు పొడవు 11 అడుగులు. సమతలంగా ఉన్న వెడల్పు నాలుగున్నర అడుగులు. వెనుకవైపున గాలి పంకా కోసం కోసిన కిటికీ ఉన్నది. మూత తెరిస్తే పది అంగుళాల ఎత్తు లేస్తుంది. ముందువైపున సామాను చట్రం. నడుమ మిగిలిన చోటులో రెండు పెద్ద ఫలకాలను ఇరికించి బిగించినాడు పనివాడు. చట్రం మీద పెట్టెలు పేర్చితే అడుగున్నర ఎత్తు అవుతుంది. మన అక్షాంశాల దగ్గర డిసెంబరు మూడవ వారంలో, మధ్యాహ్నానికి మూడు గంటల ముందు, సూర్యుడు దిగంతానికి 30 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉంటాడు. అప్పుడు అడుగున్నర వస్తువు నీడ 31 అంగుళాలు సాగుతుంది. అంటే బండి ముఖం సూర్యుని వైపు ఉన్నప్పుడు ఫలకాలలో సగం నీడలోనే ఉన్నదన్నమాట.

సగం నీడలో ఉంటే సగం విద్యుత్తు రాదా అని బావగారు అడిగినారు. రాదు. ఫలకంలోని సిలికాన్ గడులన్నీ ఒకదాని వెంట ఒకటిగా, కాలువ మీద తూముల వలె, కలపబడి ఉంటవి. ఒక తూము మూసుకుంటే నీరంతా నిలిచిపోతుంది. ఈ చిక్కు కోసమే ఫలకం వెనుక డయోడులు అమర్చుతారు. నీడ పడిన వరుసలను తప్పించి విద్యుత్తు పక్కదారిన పోతుంది. బావగారివంటి 36 గడుల ఫలకాలలో ఆ వరుసలు సాధారణంగా పొడవునా రెండు భాగాలుగా ఉంటవి. నీడ పొడవు అంచు వెంట పడితే ఒక భాగమే పోతుంది. పొట్టి అంచు వెంట అడ్డంగా పడితే రెండు భాగాలూ ఒక్కసారి చిక్కుబడతవి. మా బావగారి పెట్టెల నీడ పడినది సరిగ్గా ఆ విధంగానే. పొద్దు ఎక్కేదాకా రాబడి నామమాత్రం; మధ్యాహ్నం దాటినాక చెట్ల నీడ.

పాత వార్తాపత్రికలను ఫలకాల కొలతకు కత్తిరించి, కప్పు మీద పరచి, రాళ్ళు పెట్టి, ఒక ఆదివారమంతా నీడల పోకడ గమనించినాము. ఇరుగుపొరుగువారికి మంచి వినోదము. చివరకు సామాను చట్రాన్ని తీసివేయవలెనని నిశ్చయమైనది. దానికి మాత్రం బావగారు రెండు రోజులు ఒప్పుకోలేదు. పెద్ద ఫలకాలకు బదులు 40 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు గల వంద వాట్ల ఫలకాలు నాలుగు తెచ్చి, ముందువైపు ఒక జత, దాని వెనుక మరొక జత పరచినాము. వెనుక జతకు, పంకా కిటికీకి నడుమ 17 అంగుళాలు ఖాళీ మిగిలినది. మూత నీడ చలికాలపు ఉదయాన సాగేది కూడా అంతే.

ముందు జతను ఒక వరుసగాను, వెనుక జతను మరొక వరుసగాను కలిపి, ఆ రెండు వరుసలను సమాంతరంగా చార్జి నియంత్రకానికి చేర్చినాము. మూత నీడ ఎప్పుడైనా తగిలితే వెనుక వరుసకే తగులుతుంది. ముందు వరుస పని ఆగదు. బండి నిలిపేటప్పుడు వెనుక భాగం ఉత్తరానికి ఉంచితే మధ్యాహ్నపు నీడ ఫలకాలకు ఎడంగా పోతుంది. హైదరాబాదు ప్రాంతంలో మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు గాని, నడినెత్తికి అంత దగ్గరగా ఉన్నప్పుడు నీడలు పొట్టివి, చింత లేదు.

ఫలకాలను కప్పుకు అంటించకుండా రెండు అంగుళాల ఎత్తున నిలిపినాము. గడి వేడిమి 25 డిగ్రీలు దాటిన తరువాత ప్రతి డిగ్రీకీ శక్తి వెయ్యింటికి మూడు నాలుగు పాళ్ళు తగ్గుతుంది. ఎండాకాలంలో 65 డిగ్రీలకు చేరితే ఏడవ వంతు పోయినట్లే. కింద గాలి ఆడితే కొంత మిగులుతుంది. మరలు బిగించిన ప్రతి రంధ్రమూ వాన కారే చోటే గనుక, రేకు కింద పట్టెలున్న చోటనే బిగించి, ముద్ద పెట్టించినాము. బ్యాటరీ పక్కనే ఫ్యూజు. వాహనంలో మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వర్తిస్తుంది గనుక, రవాణా కార్యాలయంలో ముందే విచారించుట మేలు.

సంక్రాంతి వెళ్ళినాక వారు మళ్ళీ శ్రీశైలం వెళ్ళినారు, ఆ చెట్టు కిందికి మాత్రం పోలేదు. నాలుగవనాటి ఉదయం ఆరు గంటలకు అక్క ఫోను చేసినది. ఫ్రిజ్‌లో ఉష్ణమాపకం 5 డిగ్రీలు చూపిస్తున్నదట. బావగారు ఇంకా నిద్ర లేవలేదట.