కొనుగోలుదారునకు చట్టము రక్ష
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



తప్పుడు తూకమునకు దండన విధించుట మనకు క్రొత్తగాదు. కౌటిల్యుని అర్థశాస్త్రముననే ఆ విధి కలదు. అయినను, మోసపోయినవాడు తానే సులభముగా న్యాయము కోరు మార్గము 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమువలన ఏర్పడినది. దాని స్థానమున 2019 నాటి చట్టము 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది.

ఇది పట్టణవాసులకేయని రైతులు తలంపరాదు. ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు నాసి విత్తనములవలన పంట నష్టపడి వినియోగదారుల న్యాయస్థానముల నాశ్రయించిరి. వారు వ్యాపారార్థము కొనిరనియు, విత్తనములను పరీక్షకు పంపలేదనియు జాతీయ విత్తన సంస్థ వాదించినది. సుప్రీంకోర్టు 2012లో ఆ వాదమును త్రోసిపుచ్చినది. ఉన్న విత్తనమంతయు నేలలో చల్లిన రైతు, పరీక్షకు మరల ఎక్కడనుండి తెచ్చును?

ఆ తీర్పు ఫలము మనకు దక్కవలెనన్న రుజువు కావలెను. విశాఖపట్టణపు బజారున కొన్నను, ఊరి అంగడిలో కొన్నను రసీదడుగుడు. సంచిపై చీటీని భద్రపరచుడు. వ్యాజ్యకారణము కలిగిన 2 ఏండ్లలోపల జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవలెను. సరకు ఎచ్చట కొన్నను, తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ప్లీడరు తప్పనిసరి కాదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

రసీదు చదువలేనివానికి చట్టముండియు లేనట్లే. కావున ఈ గ్రంథాలయమున ఆ చట్టప్రతి నొకదాని నుంచి, చదువురానివారికి చదివి వినిపింపుడని ప్రార్థించుచున్నాను.