కలకత్తా మైదానమున రెండు జెండాలు

(మన సంఘము నెలసరి సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము ఫుట్‌బాలును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము మొదట నవ్వితిమి. ఈ వేదికపై మేము ఇంతవరకు మాటలాడినవి తెలుగు పంతుళ్ల ఖాళీలు, పాఠ్యపుస్తకముల కొరత, రాజ్యాంగములోని 350-ఏ అధికరణము. బంతియాటతో మాకేమి పని అనిపించినది. అయితే ఆయన కోరికకు కారణమున్నది. మన యువకులు కొందరు శీతకాలపు పోటీలకు తెలుగు జట్టు ఒకటి కట్టవలెననియు, అందు తెలుగు బిడ్డలే ఉండవలెననియు తీర్మానము తెచ్చిరి. పెద్దలలో కొందరు భేషనిరి. మరికొందరు, నాలుగు తరములుగా ఈ ఊరిలో ఒడియా వారితో కలిసి బ్రతుకుచున్నాము, ఇప్పుడు ఆటలో గోడ కట్టుట ఎందుకనిరి. గత సభలో కుర్చీలు జరిగిన చప్పుడు మీకందరకు జ్ఞాపకమే.

మేము నేడు తీర్పు చెప్పుటకు లేవలేదు. చిన్ననాటి నుండి రేడియోలో వినుచు, తరువాత కండ్లార చూచుచు వచ్చిన ఒక నగరపు పగను గూర్చి చెప్పెదము. ఆ నగరము కలకత్తా. ఆ పగ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను రెండు క్లబ్బులది.

మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న పుట్టినది. ఆకుపచ్చ, ముదురెరుపు దాని రంగులు. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డు చివరి ఆటలో ఈ క్లబ్బువారు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అను తెల్ల సిపాయిల జట్టును 2-1 గోలులతో ఓడించిరి. పదునొకండుగురిలో ఒక్కరు తప్ప తక్కినవారందరు వట్టి కాళ్లతో ఆడిరి. నాయకుడు శిబ్‌దాస్ భాదురి ఒక గోలు, అభిలాష్ ఘోష్ ఒక గోలు వేసిరి. పాలకులను వారి ఆటలోనే ఓడింపవచ్చునని దేశము ఆనాడు చూచినది. ఆ విజయము మోహన్ బగాన్‌ను ఒక క్లబ్బు స్థాయి నుండి జాతి గౌరవపు స్థాయికి ఎత్తివేసెను.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక ఇంత ఘనమైనది కాదు. అది అలుకలో పుట్టినది. 1920 జూలై 28న జోడాబగాన్ అను క్లబ్బునకు మోహన్ బగాన్‌తో ఆట యున్నది. శైలేశ్ బోస్ అను ఆటగానిని ఆనాడు జట్టులో చేర్చుకొనలేదు. అతడు తూర్పు బెంగాలు వాడగుటయే అందులకు కారణమని ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి తలచెను. ఎంత చెప్పినను నిర్వాహకులు వినలేదు. ఆయన కోపించి బయటకు నడచి, కొలది దినములకే, అనగా ఆగస్టు 1న, మిత్రులతో కలిసి ఈస్ట్ బెంగాల్ క్లబ్బును స్థాపించెను. ఎరుపు, బంగారు వన్నెలు దాని జెండా అయ్యెను. ఒక్క ఆటగానిని కూర్చుండబెట్టినందుకు నూరేండ్లకు పైబడిన వైరము! మన సంఘములలో కార్యవర్గపు ఎన్నికల వేళ జరుగు అలుకలను చూచినవారికి ఇది వింతగా తోచదు.

లీగులో ఈ రెండు జట్లు మొదటిసారి 1925 మే 28న ఎదురెదురయ్యెను. నేపాల్ చక్రవర్తి వేసిన ఒక్క గోలుతో క్రొత్త క్లబ్బు గెలిచెను. అప్పటికి ఇది నగరములోని అనేక పోటీలలో ఒకటి మాత్రమే. 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదేండ్లు లీగు గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగు ముందు ఇవి రెండును వెలవెలబోయినవి. దానికి అసలు మంట తగిలినది 1947లో. దేశవిభజనతో తూర్పు జిల్లాల వారు లక్షలుగా కలకత్తాకు వచ్చిపడిరి. సియాల్దా స్టేషను ప్లాటుఫారములపై సంసారములు వెలసినవి. ఊరు పోయినది, ఇల్లు పోయినది, చేపల చెరువు పోయినది. మిగిలినది యాస. ఆ యాసకు నగరములో వెక్కిరింపు దొరకినది. పడమటి వారు ఘోటీలు, తూర్పు వారు బాంగాళులు. బాంగాల్ అను మాటలో మోటు, పల్లెటూరు అను ధ్వని యున్నది. చెన్నపట్నములో మనవారిని గొల్టీలని, ఇచ్చట తెలెంగాలని పిలుచునప్పుడు గొంతులో ఏ ధ్వని యుండునో, అదే అది. మేమెరుగుదుము కనుక చెప్పుచున్నాము.

అట్టివారికి ఆ మహానగరములో తమ ఊరి పేరు బిగ్గరగా పలుకుటకు ఒక్క చోటు దొరకినది. అది ఫుట్‌బాలు గ్యాలరీ. పటములో తూర్పు బెంగాలు మరి లేదు. ఆ ప్రాంతము మరియొక దేశములో చేరిపోయినది. కాని క్లబ్బు పేరులో అది బ్రతికియున్నది. గెలిచిన దినమున ఆ పేరును వేలమంది కేకవేయుచుండగా, గుడిసెలో నుండి వచ్చిన మనిషి తన జిల్లాను తిరిగి పొందినట్లు భావించుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇక భోజనపు సంగతి. ఘోటీలకు రొయ్య, బాంగాళులకు ఇలిశ. ఇలిశ యన మన పులసయే. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత చెప్పు గోదావరి తీరపు వారికి, ముఖ్యముగా యానాము సోదరులకు, దీని మహిమ వేరుగా చెప్పనక్కరలేదు. మోహన్ బగాన్ గెలిచిన సాయంకాలము రొయ్యల ధర, ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంకాలము ఇలిశ ధర బజారులో ఎగబ్రాకుట ఆ నగరమున తరతరముల ఆచారము. ఓడినవారి ఇంట పొయ్యి వెలుగదనియు చెప్పుకొందురు. కూరలో పంచదార వేయు ఇంటి పిల్లను మిరపకారము దట్టించు ఇంటికి ఇచ్చినచో ఆట జరుగు దినమున ఆ సంసారము ఎట్లుండునో స్త్రీలకు బాగుగా తెలియును. కాని పెండ్లిండ్లు ఆగలేదు.

ఇచ్చట మన కుర్రవారు శ్రద్ధగా వినవలెను. తూర్పు బెంగాలు వారి గుండెచప్పుడైన ఆ క్లబ్బునకు మహోజ్జ్వలమైన కాలమేది? 1949లో లీగు, షీల్డు, రోవర్స్ కప్పు మూడింటిని ఒకే ఏడు గెలిచిరి. 1949, 1950, 1951 వరుసగా మూడేండ్లు షీల్డు వారిదే. ఆ ఘనతకు మూలమైన ముందు వరుసలోని ఐదుగురిని బెంగాలీలు పంచపాండవులని పిలిచిరి. వారి పేర్లు వినుడు: అహమ్మద్ ఖాన్, ధన్‌రాజ్, వెంకటేశ్, సాలె, అప్పారావు. ఐదుగురిలో ఒక్కడును బెంగాలీ కాడు! అందరును దక్షిణాది నుండి వెళ్లినవారే. అప్పారావు అను పేరు వినగానే మనలో ఎవరి చెవి నిక్కదు? నిలువ నీడలేని కాందిశీకులు తమ పరువును, తమ భాష రాని ఐదుగురు పరదేశుల కాళ్లకు అప్పగించిరి. ఆ ఐదుగురు దానిని నిలిపిరి. ఏ గ్యాలరీయు వారి మాతృభాష ఏదని అడుగలేదు.

అవతలి పక్షము చూడుడు. మోహన్ బగాన్‌కు కోటగోడవలె నిలిచిన గోష్ఠ పాల్, పద్మశ్రీ పొందిన మొదటి ఫుట్‌బాలు ఆటగాడు, ఫరీద్‌పూర్ జిల్లావాడు. అనగా అచ్చమైన బాంగాల్. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన భారత జట్టు నాయకుడు చుని గోస్వామి పుట్టినది కిశోర్‌గంజ్‌లో. అదియు తూర్పు బెంగాలే. ఆయన తన క్లబ్బు జీవితమంతయు మోహన్ బగాన్‌లోనే గడపెను. ఇట్లు ఘోటీల వీరులు బాంగాళులు, బాంగాళుల వీరులు మదరాసీలు. పగ అభిమానులది, ఆట మాత్రము ఆడగలిగిన వానిది.

జకార్తా మాట వచ్చినది కనుక ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదు రహీంగారిని తలచుకొనక ముందుకు పోలేము. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. 1950లో డ్యూరాండ్ కప్పు చివరి ఆటలో మోహన్ బగాన్‌నే ఓడించెను. హైదరాబాదు, సికిందరాబాదు వీధులలో బంతి తన్నిన బాలురకు అటుతరువాత కలకత్తా దారి తెరచుకొన్నది. సికిందరాబాదు శివారు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ చేరెను. మహమ్మద్ హబీబ్ సంగతి ఇంకను చిత్రము. హైదరాబాదునుండి వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ మూడింటికిని ఆడెను. మూడు గ్యాలరీలును ఆయనను బొడొ మియా, అనగా పెద్ద మియా, అని గౌరవించినవి. 1977 సెప్టెంబరులో పెలే ఉన్న కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2గా నిలిచినప్పుడు ఒక గోలు హబీబ్‌దే. బలరాం, హబీబ్ ఇరువురును 2023లో కన్నుమూసిరి. కలకత్తా వారు వీరి కొరకు పెట్టిన కంటతడి మన నగరములలో పెట్టిన దానికన్న ఎక్కువయేమో యని మా బాధ.

ఇంతవరకు తీపి. చేదు కూడ చెప్పవలెను; చెప్పకున్న మా మాటకు విలువ లేదు.

1975 సెప్టెంబరు 30న షీల్డు చివరి ఆటలో ఈస్ట్ బెంగాల్ ఐదు గోలులు వేసినది, మోహన్ బగాన్ ఒక్కటియు వేయలేదు. ఆ అవమానమును భరింపలేక మోహన్ బగాన్ అభిమాని యగు ఒక యువకుడు ప్రాణము తీసుకొనెను. వచ్చే జన్మలో ఆ క్లబ్బుకే ఆడి పగ తీర్చుకొందునని చీటి వ్రాసి పెట్టెనట. దీనిని అభిమానపు పరాకాష్ఠ యని చెప్పువారు నేటికిని గలరు. మేము అట్లు చెప్పజాలము. ఒక తల్లి కొడుకు పోయినాడు, అంతే.

1980 ఆగస్టు 16న ఈడెన్ తోటలో లీగు ఆట. మైదానమున ఇరుపక్షముల ఆటగాండ్రు కలియబడిరి. ఆ నిప్పు గ్యాలరీకి ప్రాకెను. రాళ్లు, తొక్కిసలాట, ఇరుకైన మెట్లు. పదునారుగురు తిరిగి ఇంటికి రాలేదు. ఆట చూచివత్తునని చెప్పి పోయినవారు వారు. నాటినుండి ఆగస్టు 16ను ఫుట్‌బాలు ప్రేమికుల దినముగా పాటించి రక్తదానము చేయుచున్నారు. చిందిన నెత్తురునకు ఇచ్చిన నెత్తురు. తరువాతనైన బుద్ధి వచ్చెనా? 2012 డిసెంబరు 9న గ్యాలరీ నుండి వచ్చిన రాయి మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీకి తగిలెను. ఆ జట్టు రెండవ సగము ఆడుటకు దిగనే లేదు.

పెద్ద తిరునాళ్ల వంటి దినములును ఉన్నవి. 1997 జూలై 13న సాల్ట్ లేక్ క్రీడాంగణమున ఫెడరేషను కప్పు సెమీఫైనలుకు 1,31,781 మంది వచ్చిరి. ఆటకు ముందు మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్త, ఎదుటి జట్టులోని సిక్కిం యువకుడు బైచుంగ్ భూటియా పేరును ఎగతాళి చేసెను. భూటియా మూడు గోలులతో బదులు చెప్పెను. ఈస్ట్ బెంగాల్ 4-1గా గెలిచెను. పేరును వెక్కిరించినవారికి ఇంత చక్కని జవాబు మేము మరియెక్కడను వినలేదు.

2020 జనవరి 19 నాటి ఆట మాకు వేరొక కారణమున గుర్తు. పౌరసత్వపు పత్రములను గూర్చి దేశమున వాదము చెలరేగిన దినములవి. ఈస్ట్ బెంగాల్ గ్యాలరీలో ఒక పెద్ద గుడ్డపరదా లేచెను. ఈ నేల నెత్తురు పోసి కొన్నది గాని కాగితముతో కాదని దాని భావము. ఆనాడు వారు ఓడిరి. ఆ పరదాను మాత్రము ఎవరును మరువలేదు. వచ్చి డెబ్బదియేండ్లైనను, నీవు ఎచ్చటివాడవని అడుగుదురేమో యన్న భయము కాందిశీకుని మనుమనికి కూడ పోలేదన్నమాట.

2024 ఆగస్టు 18న డ్యూరాండ్ కప్పులో ఈ రెండు జట్లు ఆడవలసియున్నది. దానికి తొమ్మిది దినముల ముందు ఆర్.జి.కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలు ఘోరమునకు బలియైనది. నగరము అట్టుడికెను. అధికారులు ఆటను రద్దుచేసిరి. ఆట లేకున్నను అభిమానులు క్రీడాంగణము వెలుపలకు వచ్చిరి. ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా, మహమ్మడన్ వారి నలుపు తెలుపు జెండా ఒకే దారిలో నడచినవి. ఒకరి భుజములపై ఒకరెక్కి న్యాయము కావలెనని అరచిరి. పోలీసులు లాఠీలెత్తిరి. ఆ లాఠీలకు చొక్కా రంగు తెలియలేదు. మరుసటి ఆటకు మరల వారు వారే, వీరు వీరే. తిట్లకు కొదువ లేదు.

ఇక మన జట్టు సంగతి. పేరు తెలుగు పేరే పెట్టుడు. మాకు అభ్యంతరము లేదు. పేరు లేనిదే గ్యాలరీలో ఏమని కేకవేయుదుము? జెండాయు కుట్టించుడు, గుడ్డ ఖర్చు మేము భరింతుము. కాని తెలుగు బిడ్డలు మాత్రమే యన్న మూడవ వాక్యమును తీర్మానము నుండి కొట్టివేయవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. శైలేశ్ బోస్‌ను కూర్చుండబెట్టినవారి పక్షమున నిలుచుటకు మన సంఘము పుట్టలేదు. పైగా ఒక చిన్న చిక్కు. మేము మొన్న ఆదివారము అభ్యాసము చూచితిమి. మన పిల్లలు ముందుకు చక్కగా ఉరుకుచున్నారు గాని గోలు దగ్గర నిలుచుటకు తగిన పొడుగువాడు మనలో ఒక్కడును లేడు. వెనుక వీధి ఒడియా పంతులుగారి రెండవ కుమారుడు గంటసేపు గట్టుపై కూర్చుండి, అవతలకు పోయిన ప్రతి బంతిని ఒంటిచేత పట్టి విసరుచుండెను. ఎవరును వానిని పిలువలేదు. పేర్లు ఇచ్చుటకు గడువు వచ్చే శుక్రవారము.